తక్షణం చూడవలసినది

మురుగుకాల్వల శాఖలో అందం అనేది లేకపోవడం ఎంత పెద్ద లోటో కమిషనర్ గారికి విదేశాల్లో ఉండగా తెలిసొచ్చింది. ఆయన అక్కడికి వెళ్లింది మురుగు ఎలా పారించాలో చూసి రావడానికి. పదకొండు రోజులు చూశారు. తిరిగొచ్చేటప్పుడు మూడువేల నాలుగువందల ఫోటోలు పట్టుకొచ్చారు. వాటిల్లో ఒక్కదాంట్లోనూ మురుగు లేదు. గోపురాలున్నాయి, సరస్సులున్నాయి, చలువరాతి బొమ్మలున్నాయి, బొమ్మల పక్కన కమిషనర్ గారున్నారు. రాష్ట్రంలో ఉన్న ఇంజనీర్లందరినీ పిలిపించి ఒక రోజంతా వాటిని తెర మీద చూపించారు. భోజనాలయ్యాక చాలామంది కళ్లు మూసుకుని చూశారు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

"పై విషయమును పురస్కరించుకొని తెలియజేయడమేమనగా, ఉద్యోగులలో సౌందర్యదృష్టి కొరవడుటయే శాఖ వెనుకబాటునకు మూలకారణమని గుర్తించడమైనది. కావున ‘వీక్షణం’ అను కార్యక్రమమునందు ప్రతి ఉద్యోగియు, ప్రతి సోమవారము ప్రకటింపబడు అంశముపై, కార్యాలయమునకు ఎనిమిది కిలోమీటర్లకు తక్కువ కాని దూరము ప్రయాణించి, కట్టడము, ప్రకృతి, కళ అను మూడింటిలో ఒకదానికి చెందిన ఛాయాచిత్రమును తీసి, శనివారము సాయంత్రము ఆరు గంటలలోగా అందరితో పంచుకొనవలెను. పంచుకొనుట ఐచ్ఛికము. పంచుకొననివారి సంజాయిషీ మూడు దినములలో చేరవలెను."

అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. "ఇకమీదట శాఖాపరమైన ఏ ఛాయాచిత్రమైనను వీక్షణం ద్వారానే పంపవలెను. వారపు అంశమునకు పొసగని చిత్రములు పరిశీలింపబడవు."

ఆ చీమతలకాయల్ని చదివినవాడు డివిజన్ మొత్తానికి ఒక్కడే. వర్క్ ఇన్‌స్పెక్టర్ యాళ్ల భద్రం. ఇరవయ్యారేళ్ల సర్వీసు, ఒక పాత మోపెడ్, చొక్కా జేబులో దారానికి కట్టిన ఇనప గుండు. ఆ గుండు వేలాడదీసి గోడలూ స్తంభాలూ నిటారుగా ఉన్నాయో లేదో చూడ్డం ఆయన ఉద్యోగం. పెళ్లిళ్లకు వెళ్లినా పందిరి రాటను ఓసారి కొలిచి గానీ భోజనానికి కూర్చోడు. పెళ్లివారు ఏమీ అనుకోరు, అలవాటైపోయింది.

ఆ ముక్కని భద్రం వేలు పెట్టి మళ్లీ చదివాడు. ఎందుకంటే ఆయన దగ్గర పంపాల్సిన ఫోటో ఒకటి ఉంది. అది వెదుళ్లపాలెం నడకవంతెనది.

పెద్ద మురుగుకాలవకి ఇవతల తారురోడ్డు, అవతల వెదుళ్లపాలెం. మధ్యన రెండు స్తంభాల మీద, ఒక సైకిలూ ఒక మనిషీ పక్కపక్కన పట్టేంత వెడల్పున ఆ వంతెన. కిందటేడు వరదకి రెండో స్తంభం కాళ్ల కింద మట్టి కోసుకుపోయింది. అప్పట్నించి వంతెన ఎడమవైపుకి ఒరుగుతోంది. భద్రం గుండు వేసి చూస్తే నాలుగంగుళాలు. ఆ నాలుగంగుళాల మీదుగా భద్రం చెల్లెలు తాయారు రోజూ నడుస్తుంది. ఆవిడ వెదుళ్లపాలెం బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆటోవాడు రోడ్డు మీద దించి పోయిన గుడ్ల ట్రేలు నాలుగు ఒకదాని మీద ఒకటి నెత్తిన పెట్టుకుని వంతెన దాటుతుంది. చెల్లెలు దాటుతున్నంతసేపూ గట్టు మీద నిలబడి ఊపిరి బిగబట్టడం భద్రానికి ఏడాదిగా ఇంకో అలవాటైంది.

"అన్నయ్యా, మా వంతెన ఎప్పుడు చూత్తారు?" అని ఆవిడ కనపడినప్పుడల్లా అడుగుతుంది.

"చూస్తారమ్మా, రాశాను."

మన ప్రాంతంలో చూడడమంటే వట్టి చూడడం కాదు. డాక్టరు చూస్తే జ్వరం తగ్గాలి. మేస్త్రీ చూస్తే గోడ నిలబడాలి. అందుకే మురుగుకాల్వల శాఖలో కొంపమునిగే పని ఏదైనా ఉంటే కాగితం మీద "తక్షణం చూడవలసినది" అని రాస్తారు. భద్రం ఇరవయ్యారేళ్లుగా రాస్తున్నాడు. పైవాళ్లు దానికింద "చూద్దాం" అని రాస్తారు. ఇద్దరూ ఒకే మాట వాడుతున్నారు కాబట్టి శాఖలో ఎప్పుడూ అభిప్రాయభేదం రాలేదు.

భద్రం తన పై ఇంజనీరు, డి.ఇ. కృపానందం గారి గదిలోకి వెళ్లాడు. కృపానందం గారు మంచివారే. ఎవరికీ చెడు చెయ్యరు, ఆ మాటకొస్తే ఏమీ చెయ్యరు.

"సార్, వెదుళ్లపాలెం వంతెన ఒరిగిందండి. వానలు రాకముందే పని మొదలెట్టాలండి. ఫోటో లేకపోతే ఎస్టిమేటు ముట్టుకోరండి."

"ఈ వారం అంశం ఏంటయ్యా?"

"తలుపులండి."

"మరి వంతెనకి తలుపుందా?"

"లేదండి."

"అద్గదీ. ఒరగడం ఏ అంశం కిందకి వస్తుందో ఆ వారం రానీ. చూద్దాం."

ఈ లోగా డివిజన్ అంతా సౌందర్యదృష్టిలో పడింది. తలుపుల వారం అందరూ గుళ్లకీ కోటలకీ బయల్దేరారు. ఆఫీసులో ఫైళ్లు కదిపే నాథుడు లేడు. డివిజన్ ఆఫీసుకి ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్న సబ్ డివిజన్ గుమాస్తా ఒకాయన బద్ధకించి తన ఆఫీసు తలుపునే తీసి పెట్టాడు. ఫోటో చాలా బాగుంది. కాకపోతే పొద్దున్న పదకొండున్నరకి తీసింది, తలుపుకి తాళం ఉంది. కట్టడాల విభాగంలో ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది, అదే టపాలో మెమో కూడా వచ్చింది.

రెండోవారం "నీలం". మురుగుకాలవలో నీలం ఎక్కణ్ణించి తెస్తారు? దిగువ సెక్షన్ వాళ్లు బట్టలకి పెట్టే నీలిమందు ఎనిమిది డబ్బాలు కాలవలో పోశారు. అందులో ఈదుతున్న బాతులు నీలంగా పైకొచ్చాయి. ప్రకృతి విభాగంలో ద్వితీయ బహుమతి. అదే వారం ఎగువన కాలవగట్టు తెగి పొలాలు మునిగాయి. అక్కడి ఇంజనీరు గండి ఫోటో పంపాడు. "నీరు గోధుమవర్ణమున ఉన్నందున పరిశీలింపబడలేదు" అని జవాబొచ్చింది. గండి తన దారిన తను పారింది.

మూడోవారం సోమవారం పొద్దున్న భద్రం ఫోనులో అంశం చూసుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంశం "వంపు."

ఆ మధ్యాహ్నమే మోపెడ్ వేసుకుని వెదుళ్లపాలెం పోయాడు. వంపు బాగా తెలియాలని గట్టు దిగి, తుమ్మముళ్లు గీరుకుపోతున్నా లెక్కచెయ్యకుండా, మోకాలిలోతు బురదలో నిలబడి తీశాడు. ఎర్రటి సాయంత్రపు ఎండ వంతెన మీద పడుతోంది. సరిగ్గా అప్పుడే తాయారు నెత్తిన గుడ్లతో మధ్యకి వచ్చింది. భద్రం అందం కోసం తియ్యలేదు, భయం కోసం తీశాడు. కింద ఎప్పటిలాగే రాశాడు: "వెదుళ్లపాలెం నడకవంతెన. తక్షణం చూడవలసినది."

పన్నెండు రోజులకి పైనించి ఫోనొచ్చింది. కృపానందం గారు లేచి నిలబడి మాట్లాడారు. పెట్టేశాక భద్రాన్ని పిలిచి కౌగలించుకున్నారు.

"రాష్ట్రంలో ప్రథమ బహుమతయ్యా! కట్టడాల్లో!"

"పని మంజూరైందాండి?"

"ఏం పని?"

ప్రశంసాపత్రం కూడా వచ్చింది. "వంతెన యొక్క వంపునందు ఒక సుకుమారమైన వయ్యారము ద్యోతకమగుచున్నది. చిత్రకారుడే స్వయముగా దీనిని ‘తక్షణం చూడవలసినది’ అని పేర్కొనియుండుట ముదావహము. కావున ఈ స్థలమును రాష్ట్రమునందు తక్షణము చూడవలసిన ప్రదేశముల జాబితాలో చేర్చడమైనది."

భద్రం ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఇరవయ్యారేళ్లలో ఆయన రాసిన ముక్కని పైవాళ్లు అక్షరాలా పాటించడం ఇదే మొదటిసారి.

నెల్లాళ్లకి రోడ్డు పక్కన పదడుగుల బోర్డు లేచింది. "వెదుళ్లపాలెం వంపు వంతెన. తక్షణం చూడవలసిన ప్రదేశం." బాణం గుర్తు, కింద కమిషనర్ గారి బొమ్మ. ఆదివారాలు జనం బస్సుల్లో దిగసాగారు. చెరుకురసం బండి వచ్చింది, బజ్జీల బండి వచ్చింది. కొత్తగా పెళ్లయిన జంటలు వంతెన మధ్యకి పోయి, వంతెన ఎటు ఒరిగితే అటే ఒరిగి ఫోటోలు దిగేవారు. పదిమంది ఒకేసారి ఒరిగిన రోజులున్నాయి. భద్రం గుండు వేసి చూశాడు. ఏడంగుళాలు.

ఎస్టిమేటు మళ్లీ పంపాడు. తిరిగొచ్చింది. "వంపును సరిచేయుటయనగా బహుమతి పొందిన కళాఖండమును చెరుపుటయే. ఇట్టి ప్రతిపాదన చేసినవారి సౌందర్యదృష్టి సందేహాస్పదము."

"ఏడంగుళాలకి పెరిగిందని రాయనాండి?" అని భద్రం డి.ఇ. గారిని అడిగాడు.

"రాయవయ్యా, తప్పకుండా రాయి."

రాశాడు. వెంటనే జవాబొచ్చింది. భద్రానికి శాఖ నించి అంత త్వరగా జవాబు ఎప్పుడూ రాలేదు. "వంపు నాలుగు అంగుళముల నుండి ఏడు అంగుళములకు అభివృద్ధి చెందుట శాఖకు గర్వకారణము. ఇతర డివిజన్లు దీనిని ఆదర్శముగా గైకొని, తమ పరిధిలో కనీసము ఒక కట్టడమునకైనను తగు వంపు సాధించవలెను." దాంతో పక్క డివిజన్ల వాళ్లు నిక్షేపంలాంటి వంతెనలకి మరమ్మతులు మానేశారు. ఏడాది చివరికి ఎవరి వంపు ఎంతో లెక్క చెప్పాలి మరి.

ఆ తర్వాత "వంపు సంరక్షణ కమిటీ" వచ్చింది. నలుగురు సభ్యులు నల్లకళ్లద్దాలు పెట్టుకుని గట్టు మీద నిలబడి, బహుమతి పొందిన ఫోటోనీ వంతెననీ మార్చి మార్చి చూశారు. ఫోటోలో ఉన్నది ఇక్కడ ఏదో లేదని వాళ్లకి అనుమానం వచ్చింది. చివరికి కనిపెట్టారు. నెత్తిన గుడ్లు పెట్టుకున్న స్త్రీ లేదు.

తాయారుని పిలిపించారు.

"అమ్మా, మీరు చిత్రానికి జీవకళ. రోజూ సాయంత్రం అయిదూ ఇరవైకి మీరు గుడ్లతో వంతెన దాటాలి. వెలుగు అప్పుడే బాగుంటుంది."

తాయారు నోరు తెరిచి అన్నగారి వంక చూసింది. "ఫోటో తీసిన్రోజు ఆటో లేటయ్యిందండి. మామూలుగా తొమ్మిదింటికే దాటేత్తాను. మద్దేనం పిల్లలకి గుడ్డు పెట్టాలి కదండీ?"

"పెట్టండి. వద్దనలేదు. వెలుగు అయ్యాక పెట్టండి."

ఆ విధంగా వెదుళ్లపాలెం బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు సాయంత్రం ఆరింటికి మారింది. బడి నాలుగింటికే వదిలేస్తారు కాబట్టి పిల్లలు ఇళ్లకి పోయి, మొహాలు కడుక్కుని, గుడ్డు కోసం మళ్లీ వచ్చేవారు. దీన్ని కమిటీ తన నివేదికలో "స్థానికులలో వీక్షణాసక్తి పెరుగుదల" కింద చూపించింది.

అయిదూ ఇరవై అవుతుంటే భద్రం ఎక్కడున్నా పని ఆపి గడియారం చూసుకునేవాడు. ఆ ఫోటో తీసినందుకు తనని తను తిట్టుకోని రోజు లేదు.

"నువ్వు దాటకమ్మా. ఒంట్లో బాలేదని చెప్పు," అన్నాడు ఒకరోజు.

"మానేత్తే వంట పని తీసేత్తారంట అన్నయ్యా. కాయితం మీద సంతకం పెట్టించుకున్నారు." తాయారు ట్రేలు కిందపెట్టి చెంగుతో మెడ తుడుచుకుంది. "చూడమని నేనే కదా నీ పేణం తీశాను. ఇప్పుడు ఊళ్లో వాళ్లంతా చూత్తన్నారు. సరిపోయింది."

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. కాలవ నిండింది. వంపు పదకొండంగుళాలు. అదే అదనని రాష్ట్రస్థాయి వీక్షణ మహోత్సవం వెదుళ్లపాలెంలో జరపాలని నిర్ణయం వచ్చింది. శనివారం సాయంత్రం అయిదుంబావుకి కమిషనర్ గారూ డెబ్భై మంది అధికారులూ వంతెన మీద వరసగా నిలబడి ఫోటో దిగుతారు. అయిదూ ఇరవైకి జీవకళ, ఫోటోలో మొహం కనపడేలా ఆ ఒక్కరోజుకి వెదుళ్లపాలెం వైపు నించి బయల్దేరి, వాళ్ల మధ్యలోంచి నడిచొస్తుంది.

శనివారం పొద్దున్న భద్రం గుండు వేశాడు. పద్నాలుగంగుళాలు. వేలాడుతున్న దారం వణుకుతోంది, అది చేతి వణుకు కాదు. స్తంభమే వణుకుతోంది. పరిగెత్తుకుంటూ పోయి డి.ఇ. గారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"సార్, ఇవాళ ఎవరెక్కినా పడిపోద్దండి. డెబ్భై మందండి! మా చెల్లెలండి!"

కృపానందం గారు కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నారు. ఆయన కూడా ఇంజనీరే, ఒకప్పుడు. "తెలుసయ్యా భద్రం. కానీ కమిషనర్ గారిని ఎక్కవద్దని నేను ఏ రూలు కింద చెప్పను? పడిపోతుందని చెబితే, వంపు కమిటీని ధిక్కరించినట్టు. రూలు చూపించు, ఇప్పుడే చెబుతాను."

రూలు. భద్రం ఆఫీసు మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, సర్క్యులర్ నించి ఆ వారం అంశం దాకా చీమతలకాయలన్నిటినీ మళ్లీ మొదట్నించీ చదవడం మొదలెట్టాడు.

సాయంత్రానికి గట్టు మీద షామియానా, సన్నాయి, బూందీ పొట్లాలు. వాన తెరిపిచ్చి ఎర్రటి ఎండ కాసింది. కమిషనర్ గారు మెడలో పూలదండతో, మెడలోనే కెమెరాతో, వెనక డెబ్భై మందితో వంతెన మొదటికి వచ్చారు. వంతెనకి అడ్డంగా రెండు చేతులూ చాపి భద్రం నిలబడి ఉన్నాడు.

"ఎవరితను?" అన్నారు కమిషనర్ గారు.

"సార్, బహుమతి పొందిన..." అని కృపానందం గారు నసిగారు.

"ఎందుకు అడ్డం?"

భద్రం చేతులు దించలేదు. కాగితం చూసి చదివినట్టు చెప్పాడు. "సార్, తమరు సోమవారం ప్రకటించిన అంశం ‘ఏకాంతం’ అండి. వివరణలో మూడో పేరాలో ‘చిత్రమునందు మనుష్యమాత్రుడు కనిపించరాదు’ అని ఉందండి. వంతెన మీద ఒక్క తలకాయ కనపడినా డెబ్భై మంది చిత్రాలూ పరిశీలింపబడవండి. తమది కూడా అండి."

గట్టు మీద సన్నాయి ఆగింది. కమిషనర్ గారు మెడలోని కెమెరాని ఓసారి తడిమి చూసుకున్నారు. కృపానందం గారు కళ్లు మూసుకున్నారు.

"చూశారా?" అన్నారు కమిషనర్ గారు వెనక్కి తిరిగి. "డెబ్భై మందిలో ఒక్కరికి తట్టలేదు. ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్‌కి తట్టింది. సౌందర్యదృష్టి అంటే ఇదీ! అందరూ గట్టు మీదకి పదండి. వంతెన ఒంటరిగా ఉండాలి."

డెబ్భై మందీ గట్టు మీద బారులు తీరి ఫోన్లు ఎత్తారు. భద్రం గుండెల నిండా ఊపిరి పీల్చుకోబోయి, అవతలి వైపు చూశాడు. టైము అయిదూ ఇరవై. ఈ సంగతులేవీ తెలియని తాయారు నెత్తిన నాలుగు ట్రేలతో, ఉత్సవం కదాని కొత్త చీర కట్టుకుని, కమిటీ చెప్పింది చెప్పినట్టు కుడికాలు వంతెన మీద పెట్టబోతోంది.

"తాయారూ! ఆగు!" అని భద్రం కాలవ దద్దరిల్లేలా అరిచాడు. "ఈ వారం నువ్వు లేవు!"

ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది.

వంతెన ఇంకో క్షణం ఆలోచించినట్టు నిలబడింది. తర్వాత, ఏడాదిగా ఎటు పోదామనుకుంటోందో అటే, ఎడమవైపుకి పెద్ద మొరాయింపు లేకుండా కాలవలో పడుకుంది. నీళ్లు గట్టెక్కి అధికారుల బూట్లు తడిపాయి. అవతలి గట్టున పై ట్రే జారి ముప్పై గుడ్లు పగిలాయి. అవి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

ముందుగా తేరుకున్నది కమిషనర్ గారు.

"ఫోటో ఎంతమందికి వచ్చింది?" అని అడిగారు.

అరవై ఇద్దరికి వచ్చింది. ప్రథమ బహుమతి కమిషనర్ గారి చిత్రానికే రావడంలో వింతేమీ లేదు, ఆయన మధ్యలో నిలబడ్డారు. ఏకాంతం అంశానికి అంత పరిపూర్ణంగా న్యాయం చేసిన చిత్రం ఇంకోటి లేదని కమిటీ రాసింది. వంతెన తానే తప్పుకుందని ప్రత్యేకంగా మెచ్చుకుంది.

ఇంకో రెండు వారాలకి, శనివారం నాడు, భద్రానికి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది మెమో. సంఘటన జరిగినప్పుడు అక్కడే ఉండి కూడా ఆ శనివారం ఒక్క చిత్రమూ పంచుకోనందుకు సంజాయిషీ ఇవ్వాలి. రెండోది మంజూరు. కొత్త వంతెన కట్టవచ్చు. "అయితే నూతన కట్టడమునందు పూర్వపు పద్నాలుగు అంగుళముల వంపును యథాతథముగా పునరుద్ధరించవలెను. ఎంత మాత్రమును నిటారుగా ఉండరాదు. నమూనా కమిటీ ఆమోదము పొందువరకు పనులు ప్రారంభింపరాదు."

భద్రం రెంటినీ మడిచి గుండు ఉన్న జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఆదివారం. వెదుళ్లపాలెం నించి ఎనిమిదిమంది గొడ్డళ్లూ మోకులూ పట్టుకుని వచ్చారు. పడిన వంతెనకి కాస్త ఎగువన, కాలవ సన్నబడి మలుపు తిరిగేచోట, తుమ్మపొదల వెనకాల మూడు తాటిదూలాలు పక్కపక్కన పరిచారు. రెండువైపులా గుంజలు పాతి వెదుళ్లు కట్టారు. గుంజలన్నిటికీ భద్రం గుండు వేశాడు. ఒకటి అరంగుళం తేడా ఉంటే పీకించి మళ్లీ పాతించాడు. ఎవరో ముచ్చటపడి ఫోను తీస్తే, అంతవరకూ ఎవరినీ పల్లెత్తు మాట అనని భద్రం అతని చేతిలోంచి లాక్కుని జేబులో వేసుకున్నాడు, పని అయ్యాక గానీ ఇవ్వలేదు.

చివరగా రోడ్డు పక్క బోర్డుకి నిచ్చెన వేయించి, కమిషనర్ గారి బొమ్మతో సహా సున్నం కొట్టించి, తన చేత్తోనే నల్లరంగుతో రాశాడు: "ఇచ్చట చూడవలసినది ఏమియు లేదు." ఇరవయ్యారేళ్లలో ఆయన అంత కుదురుగా ఎప్పుడూ రాయలేదు.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి తాయారు నాలుగు ట్రేలు నెత్తికెత్తుకుని తాటిదూలాల మొదట నిలబడింది. మునుపటంత వెడల్పు లేదు. వెదురుని చేత్తో ఊపి చూసింది, ఊగలేదు. అటూ ఇటూ తుమ్మపొదల్లోకి తొంగి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరూ చూడరు కదా అన్నయ్యా?"

"ఎవరూ చూడరమ్మా," అన్నాడు భద్రం.

ఆవిడ కుడికాలు ముందుకి వేసింది.